అల్పాయుష్కులైన ఎక్సైటాన్లు – వాటి సామూహిక ప్రవర్తన

ఈ సంచికకు ప్రతి సంవత్సరం నేను వ్రాసే వ్యాసం ఏ ప్రబంధకవిని గురించో, ఏ శతకాన్ని గురించో ఉండటం పరిపాటి. ఈసారి దారి మళ్ళి భౌతికశాస్త్రంలో అడుగు పెట్టడానికి కారణం మా బి.ఎస్సి. విద్యార్థి ఒకడు. తరగతి సెమినారులో తెలుగులోనే ప్రసంగించాలని పట్టుబట్టి, ఒకనాటి సాయంకాలం స్టాఫ్ రూముకు వచ్చి, "సార్, ఎక్సైటాన్‌ను తెలుగులో ఏమనాలి?" అని అడిగాడు. రేపు చెప్తానన్నాను. మాటకు మాట పెట్టాలంటే ముందు ఆ వస్తువు ఎట్టిదో తెలియాలి గదా! భౌతికశాస్త్ర శాఖలోని సహాధ్యాపకులను ఆశ్రయించి, వారు చూపిన పుస్తకాలను, పరిశోధన పత్రాలను వారి సహాయంతోనే చదువుతూ పోయాను. ఆ "రేపు" కొన్ని నెలలకు గాని రాలేదు. మాట సంగతి చివర విన్నవించుకుంటాను. ఆ వెదకులాటలో నా కంటబడినది ఒక విచిత్రమైన కథ. రెప్పపాటులో కోట్ల వంతు కాలం మాత్రమే బ్రతికే ఒక కణం, గుంపుగా చేరినప్పుడు ఒకే శరీరం వలె ప్రవర్తింపగలదా అన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు 1962 నుంచి సమాధానం వెదకుతున్నారు. ఈ కథలో ఫలితాలు ఎంత ముఖ్యమైనవో, ఫలితం వచ్చినదని ఎప్పుడు చెప్పవచ్చును అనే విచికిత్స కూడ అంత ముఖ్యమైనది.

సిలికాన్, జెర్మేనియం, గాలియం ఆర్సెనైడు వంటి పదార్థాలు లోహాల వలె విద్యుత్తును ధారాళంగా ప్రవహింపనీయవు. గాజు వలె పూర్తిగా అడ్డగింపవు. వీటిని అర్ధవాహకాలంటారు. స్ఫటికంలోని ఎలక్ట్రాన్లు ఏ శక్తి పడితే ఆ శక్తితో ఉండటానికి వీలులేదు. వాటికి అనుమతింపబడిన శక్తులు పట్టీలు పట్టీలుగా ఉంటాయి. కింది పట్టీ ఎలక్ట్రాన్లతో నిండి ఉంటుంది. దానిని సంయోజక పట్టీ అంటారు. పైనున్న వహన పట్టీ దాదాపు ఖాళీగా ఉంటుంది. రెండింటి నడుమ ఎలక్ట్రాన్‌కు నిలువ నీడలేని అంతరం. సిలికాన్‌లో ఈ అంతరం సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులు. గాలియం ఆర్సెనైడులో సుమారు 1.4. తగినంత శక్తి గల ఫోటాన్, అనగా కాంతికణం, స్ఫటికం మీద పడితే కింది పట్టీలోని ఎలక్ట్రాన్ ఒకటి పై పట్టీకి ఎగురుతుంది. అది వదలిన చోట ఒక ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ పేరే రంధ్రం.

ఖాళీకి ఒక పేరెందుకని సందేహం కలుగవచ్చును. సినిమా హాలులో ఒక వరుస పూర్తిగా నిండి ఉన్నదనుకుందాం. ఒక కొసన ఒకరు లేచిపోగానే పక్కవారు ఆ కుర్చీలోకి జరుగుతారు. వారి కుర్చీ ఖాళీ అయి, దానిలోకి ఆ పక్కవారు జరుగుతారు. బాల్కనీ నుంచి చూసేవారికి మనుషులు ఒక దిక్కుకు జరుగుతున్నట్లు గాక, ఖాళీ కుర్చీయే ఎదుటి దిక్కుకు నడచిపోతున్నట్లు తోస్తుంది. రంధ్రం కదలిక అట్టిదే. ఋణావేశం లోపించిన చోటు కనుక అది ధనావేశం గల కణం వలె ప్రవర్తిస్తుంది. లేమికి ఇంత వ్యక్తిత్వాన్ని కల్పించిన శాస్త్రం మరొకటి ఉన్నదో లేదో నాకు తెలియదు.

పైకి ఎగిరిన ఎలక్ట్రాన్, కింద మిగిలిన రంధ్రం ఒకదానినొకటి ఆకర్షించుకుంటాయి. విడిపోకుండా ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ జంటగా స్ఫటికంలో సంచరిస్తాయి. ఈ జంటయే ఎక్సైటాన్. ప్రోటాన్ చుట్టూ ఎలక్ట్రాన్ తిరిగే హైడ్రోజన్ పరమాణువుకు ఇది తమ్ముడు వంటిది. కాని వదులైన తమ్ముడు. హైడ్రోజన్‌లో బంధశక్తి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కాగా, గాలియం ఆర్సెనైడులోని ఎక్సైటాన్ బంధశక్తి దానిలో సుమారు మూడువేల వంతు మాత్రమే. పరిమాణంలో మాత్రం రెండు వందల రెట్లు పెద్దది. ఇంత బలహీనమైన బంధం గది ఉష్ణోగ్రతలోని సహజమైన కదలికలకే తెగిపోతుంది. కనుకనే ఎక్సైటాన్ల కథ ఎక్కువగా ద్రవ హీలియంతో చల్లబరచిన పాత్రలలోనే నడిచింది.

ఈ భావాన్ని మొదట ప్రతిపాదించినవాడు రష్యన్ శాస్త్రజ్ఞుడు యాకోవ్ ఫ్రెంకెల్, 1931 లో. ఎలక్ట్రాన్, రంధ్రం దూరదూరంగా తిరిగే పెద్ద ఎక్సైటాన్ స్వరూపాన్ని 1937 లో వానియర్ వివరించాడు. ప్రయోగంలో దానిని స్పష్టంగా చూపినవారు లెనిన్‌గ్రాడ్‌లో గ్రాస్, కార్యేవ్ అనేవారు. 1952 లో వారు ప్రచురించిన వర్ణపటంలో హైడ్రోజన్ రేఖల క్రమాన్ని పోలిన రేఖలు పసుపు రంగు ప్రాంతంలో వరుసగా కనిపించాయి. వారు వాడిన పదార్థం క్యూప్రస్ ఆక్సైడు. రసాయనశాస్త్ర విద్యార్థులకు ఇది కొత్తది కాదు. ఫెలింగ్ పరీక్షలో గ్లూకోజు ద్రావణాన్ని వేడి చేసినప్పుడు పరీక్షనాళిక అడుగున దిగే ఇటుక ఎరుపు అవక్షేపం ఇదే. ఈ ఎర్రమట్టి వంటి పదార్థం ఈ కథలో పదే పదే వస్తుంది కనుక గుర్తుంచుకోవలసినది.

ఎలక్ట్రాన్ మళ్ళీ కిందికి దిగి రంధ్రంలో పడిపోతే ఎక్సైటాన్ అంతమవుతుంది. ఆ శక్తి సాధారణంగా కాంతిగా వెలువడుతుంది. గాలియం ఆర్సెనైడులో ఈ ఆయుర్దాయం నానో సెకండ్ల లెక్కలో, అనగా సెకనులో నూరు కోట్ల వంతు ప్రమాణంలో ఉంటుంది. ఎక్సైటాన్ మరణమే మనకు దాని వార్త. అది వెలువరించే కాంతిని బట్టియే అది ఎక్కడ ఉన్నదో, ఎంత శక్తితో తిరిగినదో ప్రయోగశాలలో తెలుసుకుంటారు.

ఇక సామూహిక ప్రవర్తన మాట. దీనికి మూలం మన ఉపఖండంలోనే ఉన్నది. 1924 లో ఢాకా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా ఉన్న సత్యేంద్రనాథ్ బోస్ కాంతికణాలను లెక్కించే ఒక కొత్త పద్ధతిని వ్రాసి ఐన్‌స్టీన్‌కు పంపాడు. ఐన్‌స్టీన్ దానిని స్వయంగా జర్మన్ భాషలోకి అనువదించి ప్రచురింపజేశాడు. ఆ పద్ధతిని పరమాణువులకు విస్తరింపజేసి, తగినంత చల్లబరిస్తే వాటిలో ఒక పెద్ద భాగం ఒకే ఒక అత్యల్ప శక్తిస్థితిలోకి చేరిపోతుందని కూడ చెప్పాడు.

బోస్ లెక్కను రెండు నాణేలతో గ్రహింపవచ్చును. రెండు నాణేలు ఎగురవేస్తే బొమ్మ–బొమ్మ, బొమ్మ–బొరుసు, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు అని నాలుగు విధాలు. రెండూ ఒకే తీరుగా పడే అవకాశం నాలుగింట రెండు. ఇప్పుడు ఆ రెండు నాణేలను ఏ ఉపాయం చేతను ఇది మొదటిది, ఇది రెండవది అని వేరుపరచడానికి వీలులేదనుకుందాం. అప్పుడు నడిమి రెండు విధాలు రెండు కావు, ఒకటే. మొత్తం విధాలు మూడు. ఒకే తీరుగా పడే అవకాశం మూడింట రెండు. గుర్తుపట్టరానితనం వలననే కలసి ఉండే మొగ్గు పెరిగినది! ఇట్టి లెక్కకు లోబడే కణాలను బోసాన్లంటారు. ముషాయిరాలో మంచి షేర్ పడినప్పుడు విడివిడి చప్పట్లు క్రమంగా ఒకే తాళంలోకి వచ్చినట్లు అని దీనిని పోల్చాలని నాకు మొదట తోచింది. మా భౌతికశాస్త్ర మిత్రులు ఒప్పుకోలేదు. సభలో ఒకరి చప్పట్లు ఒకరు విని అనుసరిస్తారు. బోసాన్లు ఒకదానినొకటి వినవు. వాటి మొగ్గు లెక్కలోనే ఉన్నది. వారి మాట నిజం కనుక ఆ పోలికను వదలుకుంటున్నాను.

ఎలక్ట్రాన్లు బోసాన్లు కావు. పౌలీ నియమాన్ని అనుసరించి ఒక స్థితిలో ఒకటే ఇముడుతుంది, రంధ్రాలూ అంతే. కాని రెండు అర్ధాలు కలిస్తే పూర్ణమైనట్లు, అర్ధ స్పిన్ గల ఎలక్ట్రాన్, అర్ధ స్పిన్ గల రంధ్రం జతపడగా ఏర్పడిన ఎక్సైటాన్ మొత్తం మీద బోసాన్ వలె నడుచుకుంటుంది. అయితే ఎక్సైటాన్లను మరీ దట్టంగా కుక్కితే ఒకదానిపై ఒకటి పడి, ఎవరి జంట ఎవరో తెలియకుండా పోతుంది. లోపలి ఎలక్ట్రాన్ల అసలు స్వభావం బయటపడుతుంది. కనుక గుంపు తగినంత దట్టంగా ఉండాలి, మరీ దట్టం కారాదు.

తగినంత అంటే ఎంత? ప్రతి కణానికీ ఒక తరంగదైర్ఘ్యం ఉంటుంది. చల్లబడిన కొద్దీ అది పెరుగుతుంది. పొరుగు కణాల నడుమ దూరానికి అది సమానమయ్యేసరికి తరంగాలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, గుంపంతా ఒకే తరంగమవుతుంది. దీనినే బోస్–ఐన్‌స్టీన్ సంఘననం అంటున్నారు. కణం ఎంత తేలికైతే తరంగదైర్ఘ్యం అంత పెద్దది. 1995 లో అమెరికాలోని బోల్డరులో కార్నెల్, వైమన్ రుబీడియం పరమాణువులతో ఈ స్థితిని సాధించినప్పుడు, కెల్విన్‌లో కోటి వంతుకు కాస్త ఎక్కువైన ఉష్ణోగ్రతకు దిగవలసి వచ్చింది. రుబీడియం పరమాణువు ఎలక్ట్రాన్ కంటె సుమారు లక్షా అరవై వేల రెట్లు బరువు. క్యూప్రస్ ఆక్సైడులోని ఎక్సైటాన్ మూడు ఎలక్ట్రాన్లంత బరువైనా లేదు. కాబట్టి 2 కెల్విన్ల వద్దనే, ఘన సెంటీమీటరుకు సుమారు ఒకటి పక్కన 17 సున్నలు వేసినన్ని ఎక్సైటాన్లుంటే చాలు. ఇది ఘనపదార్థంలోని పరమాణువుల సంఖ్యతో పోలిస్తే లక్షవ వంతు కూడ కాదు. ఈ లెక్కను గమనించిన మొస్కలెంకో ఒక వంక, బ్లాట్, బోయర్, బ్రాంట్ అనే ముగ్గురు మరొక వంక, 1962 లోనే ఎక్సైటాన్లకు సంఘననం సాధ్యమని ప్రతిపాదించారు. రుబీడియం విజయానికి ముప్ఫై మూడేళ్ళ ముందటి మాట ఇది.

కాగితం మీద ఇంత సులభమైనది చేతికి రావడానికి ఇన్ని దశాబ్దాలెందుకు పట్టినది? కారణం ఆయుర్దాయం. లేజరు కాంతి పుట్టించిన ఎక్సైటాన్ వేడిగా పుడుతుంది. స్ఫటికపు కంపనాలకు తన శక్తిని కొంచెం కొంచెంగా అప్పగిస్తూ చల్లబడాలి. స్ఫటికం ఎంత చల్లనిదైతే ఈ అప్పగింత అంత మందగిస్తుంది. చల్లబడేలోగా చచ్చిపోతే సంఘననం లేదు. కనుక ఈ రంగంలో చేసిన ప్రయత్నాలన్నీ ఒక విధంగా ఎక్సైటాన్‌కు ఆయుష్షు పోయడానికో, లేదా చల్లబడవలసిన అవసరాన్ని తగ్గించడానికో చేసినవే.

మొదటి ఆశ జెర్మేనియం మీద పెట్టుకున్నారు. అందులో ఎక్సైటాన్ల ఆయుష్షు మైక్రో సెకండ్ల లెక్కలో ఉంటుంది. కాని అక్కడ వేరొక వింత జరిగింది. ఆవిరి చల్లబడి మంచుబిందువైనట్లు, ఎక్సైటాన్లు సంఘననం చెందడానికి బదులు ఎలక్ట్రాన్–రంధ్ర ద్రవంగా మారి బొట్లు కట్టాయి. ఇట్టి ద్రవం ఏర్పడగలదని 1968 లో కెల్దిష్ చెప్పి ఉన్నాడు. 1975 లో బర్క్‌లీ శాస్త్రజ్ఞులు జెర్మేనియం ముక్కలోని అట్టి బొట్టుకు ఛాయాచిత్రం తీసి ప్రచురించారు. ఆ ఛాయాచిత్రాన్ని ప్రకటించినవారిలో జేమ్స్ వుల్ఫ్ ఒకడు. ఇతని పేరు మళ్ళీ వస్తుంది.

క్యూప్రస్ ఆక్సైడులో ఎక్సైటాన్లు బొట్లు కట్టవు. అందులో ఎలక్ట్రాన్, రంధ్రాల స్పిన్‌లు ఎదురుబొదురుగా ఉన్న పారా ఎక్సైటాన్ కాంతిని నేరుగా వెలువరింపలేదు కనుక దీర్ఘకాలం బ్రతుకుతుంది. దీర్ఘకాలమంటే ఇక్కడ వందల నానో సెకండ్లు, అంతకు పైన. ఈ లోకంలో అదే చిరంజీవత్వం. 1980 లో ఫ్రాన్స్‌లో, 1987 లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో స్నోక్, వుల్ఫ్, మిసిరోవిచ్ కలసి చేసిన ప్రయోగాలలో ఈ స్ఫటికం నుంచి వచ్చే కాంతి వర్ణపటం బోస్ లెక్క చెప్పిన ఆకారానికి చక్కగా సరిపోయింది. ఆకారాన్ని బట్టి సాంద్రతను లెక్క కట్టగా అది సంఘననపు గీతను అంటుకుంటున్నట్లు వచ్చింది. 1993 లో లిన్, వుల్ఫ్ పారా ఎక్సైటాన్లలో సంఘననమే జరిగిందని ప్రకటించారు. పరమాణువుల సంఘననానికి ఇంకా రెండేళ్ళున్నది. అది నిలిచి ఉంటే ఈ శాస్త్రచరిత్ర మరొక విధంగా ఉండేది.

అది నిలువలేదు. దానిని పడగొట్టినది ఎవరో ప్రత్యర్థులు కారు. అదే ఇల్లినాయి ప్రయోగశాలలో, అదే వుల్ఫ్ తన సహచరులతో కలసి, ఈసారి వర్ణపటం ఆకారంతో తృప్తి పడక, వెలువడే కాంతి మొత్తాన్ని తూకం వేసినట్లు కొలిచి ఎక్సైటాన్ల అసలు సంఖ్యను తేల్చాడు. 1999 లో ప్రకటించిన ఆ ఫలితం ప్రకారం నిజమైన సాంద్రత, ఆకారం చెప్పిన దానికంటె చాల తక్కువ. సంఘననానికి కావలసిన సాంద్రత దరిదాపులలోనైనా లేదు. కారణం కూడ తెలిసింది. రెండు ఎక్సైటాన్లు ఢీకొంటే ఒకటి అంతమై, తన శక్తినంతా రెండవదానికి ధారపోస్తుంది. ఆ దెబ్బకు అది చీలి, ఎలక్ట్రాన్, రంధ్రం వేడిగా ఎగిరిపోతాయి. దీనిని ఓజే ప్రక్రియ అంటారు. గుంపు దట్టమైన కొద్దీ ఈ ఆత్మనాశం ఎక్కువవుతుంది, మిగిలినవి వేడెక్కుతాయి. ఒక ఆకారం ఒక సిద్ధాంతానికి సరిపోయినంత మాత్రాన ఆ సిద్ధాంతమే దానికి కారణమని తేలదు. మా సాహిత్య పరిశోధనలో శైలి కలిసినదని చెప్పి ఒక పద్యాన్ని ఒక కవికి అంటగట్టే అలవాటున్నది. వుల్ఫ్ చేసిన పని చదివిన తరువాత నేను నా పాత వ్యాసం ఒకటి తీసి చూసుకొని కొంత సిగ్గుపడిన మాట ఇక్కడ దాచను.

మరొక దారి కృత్రిమ నిర్మాణాలది. గాలియం ఆర్సెనైడును కొద్ది నానోమీటర్ల మందం గల పొరగా, ఎలక్ట్రాన్లను ఆపగల వేరొక పదార్థపు పొరల నడుమ పెంచితే ఎలక్ట్రాన్లు అందులో బావిలో పడినట్లు చిక్కుకుంటాయి. దీని పేరే క్వాంటం బావి. అట్టి బావులు రెండింటిని పలుచని గోడ అడ్డంగా పెట్టి పక్కపక్కన నిర్మించి, విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగిస్తే ఎలక్ట్రాన్ ఒక బావిలోకి, రంధ్రం రెండవ బావిలోకి చేరుతాయి. గోడ ఇవతలి నుంచి అవతలికి ఆకర్షణ ఉంటుంది కనుక జంట జంటగానే ఉంటుంది. గోడ అడ్డమున్నది కనుక కలసి అంతం కావడానికి ఆలస్యమవుతుంది. ఆయుష్షు పదుల నానో సెకండ్ల నుంచి మైక్రో సెకండ్ల దాక పెరుగుతుంది. పైగా ఈ జంటలన్నీ ఒకే దిక్కుకు తిరిగి నిలిచిన చిన్న అయస్కాంతాల వలె ఒకదానినొకటి తోసుకుంటాయి. కనుక జెర్మేనియంలో వలె బొట్లు కట్టవు. ఇట్లు వేరు వేరు పొరలలోని ఎలక్ట్రాన్లు, రంధ్రాలు జతపడి నిరోధం లేకుండా ప్రవహింపగలవని లొజోవిక్, యుద్సన్ 1970 ల నడుమనే సూచించి ఉన్నారు. విరహమే ఆయుష్షును పెంచుతుందన్న భావం మన కావ్యాలకు విరుద్ధమైనా, ఇక్కడ అదే సత్యం.

2002 లో ఈ జంట బావులలో కనిపించిన దృశ్యం చాలమందిని ఆశ్చర్యపరచింది. లేజరు కాంతిని ఒక్క బిందువు మీద పడవేస్తే, దానికి చాల దూరంగా ఒక వెలుగు వలయం ఏర్పడింది. బ్యూటోవ్, గోసార్డ్, షెమ్లా చేసిన ప్రయోగంలో కొద్ది కెల్విన్ల దిగువకు చల్లబరచగా ఆ వలయం తస్బీహ్ పూసల వలె సమదూరంలోని వెలుగు చుక్కలుగా విడిపోయింది. అదే సమయంలో స్నోక్ బృందం కూడ ఇట్టి వలయాన్నే ప్రకటించింది. ఇదేనా సంఘననం? తొందరపడినవారు లేకపోలేదు. కాని 2004 నాటికి వలయం సంగతి విడిపోయింది. బయటి నుంచి వచ్చే ఎలక్ట్రాన్ల ప్రాంతానికి, లేజరు చోట నుంచి వ్యాపించే రంధ్రాల ప్రాంతానికి నడుమనున్న సరిహద్దే ఆ వలయం. అక్కడ రెండూ కలుసుకొని ఎక్సైటాన్లై వెలుగుతాయి. ఇందుకు క్వాంటం సామూహికత ఏమీ అక్కరలేదు. పూసలు మాత్రం అంత తేలికగా లొంగలేదు. 2012 లో బ్యూటోవ్ బృందం పూసల నుంచి వచ్చే కాంతిని రెండు పాయలుగా చీల్చి, మళ్ళీ కలిపి వ్యతికరణం పరీక్షించింది. దూరదూరపు బిందువుల నుంచి వచ్చిన కాంతి కూడ ఒకే దశలో ఉన్నదని, ఉష్ణోగ్రత పెంచితే ఆ పొందిక చెడుతున్నదని తేలింది. ఎక్సైటాన్లు తమంత తాముగా ఒకే తాళంలో నిలుస్తున్నాయనడానికి వలయం కంటె ఇది ఎంతో బలమైన సాక్ష్యం.

చల్లబడవలసిన అవసరాన్ని తగ్గించే ఉపాయం పోలరిటాన్. క్వాంటం బావిని రెండు అద్దాల నడుమ బంధిస్తే ఫోటాన్ అటూ ఇటూ తిరుగుతూ ఎక్సైటాన్‌తో పదే పదే రూపం మార్చుకుంటుంది. ఏది కాంతి, ఏది ఎక్సైటాన్ అని వేరు చేయలేని సంకరకణం ఏర్పడుతుంది. 1992 లో వైస్‌బుష్ ప్రభృతులు దీనిని చూపారు. దీని బరువు ఎలక్ట్రాన్‌లో పదివేల వంతు గాని అంతకంటె తక్కువ గాని ఉంటుంది. అందువలన సంఘననానికి అంత చలి అక్కరలేదు. 2006 లో గ్రెనోబుల్, లోజాన్, కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు కలసి కాడ్మియం టెల్యురైడు నిర్మాణంలో సుమారు 19 కెల్విన్ల వద్ద దీనిని సాధించారు. తరువాత కొన్ని పదార్థాలలో గది ఉష్ణోగ్రతలోనూ సాధించారు. అయితే ఈ కణం కొద్ది పికో సెకండ్లలో అద్దంలో నుంచి జారిపోతుంది. పోయినవాటి స్థానంలో ఎప్పటికప్పుడు కొత్తవాటిని నింపుతూ ఉండాలి. ఇది నిజమైన సంఘననమా, లేజరుకు దగ్గరి చుట్టమా అన్న వాదం ఇందువలననే వచ్చింది. నా మట్టుకు నాకు, సగం కాంతియైన కణం సంఘననం చెందిందంటే ఎక్సైటాన్ గెలిచినట్లు పూర్తిగా తోచదు.

అసలు చావే లేని ఎక్సైటాన్ కూడ ఉన్నది. పక్కపక్కనున్న రెండు పొరలలోనూ ఎలక్ట్రాన్లనే ఉంచి, బలమైన అయస్కాంత క్షేత్రంలో ప్రతి పొరలోనూ మొదటి శక్తిస్థాయి సరిగా సగం నిండేటట్లు చేస్తే, ఒక పొరలోని ఎలక్ట్రాన్‌కు ఎదురుగా రెండవ పొరలో ఒక ఖాళీ ఉంటుంది. ఆ జంటకు కాంతితో పని లేదు. అంతమయ్యే భయం లేదు. ఐసెన్‌స్టీన్ బృందం 2000 లో ఇట్టి పొరల నడుమ ఎలక్ట్రాన్ల దూకుడు హఠాత్తుగా ఎన్నో రెట్లు పెరగడాన్ని, 2004 లో రెండు పొరలలో ఎదురెదురు దిక్కులకు ప్రవాహం దాదాపు నిరోధం లేకుండా సాగడాన్ని చూపింది. అదే సంవత్సరం మరొక బృందమూ అట్టి ఫలితాన్నే ప్రకటించింది. అయితే దీనికి కెల్విన్‌లో పదవ వంతుకు దిగువనున్న చలి కావలసి వచ్చింది.

ఇటీవలి కాలంలో ఒక్క అణువు మందం గల పొరలు చేతికి వచ్చాయి. మాలిబ్డినం డైసెలెనైడు, టంగ్‌స్టన్ డైసెలెనైడు అనే పొరలలో బంధశక్తి గాలియం ఆర్సెనైడులో కంటె ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. 2019 లో కార్నెల్, కొలంబియా విశ్వవిద్యాలయాల వారు జపాన్ సహకారంతో ఈ రెండు పొరలను జతపరచి, ఎలక్ట్రాన్ల సంఖ్య రంధ్రాల సంఖ్యకు సరిగా సమానమైనప్పుడు వెలువడే కాంతి ఒక్కసారిగా ప్రజ్వరిల్లడాన్ని గమనించారు. ఈ గుణం 100 కెల్విన్ల దాటినా నిలిచింది. వారు తమ వ్యాసానికి సంఘననాన్ని గురించిన "సాక్ష్యం" అనే పేరు పెట్టారు గాని "ఆవిష్కరణ" అనలేదు. 1999 నాటి పాఠం ఈ రంగంలో ఇంకా గుర్తున్నదని నాకనిపించింది.

చివరకు కథ మళ్ళీ ఆ ఇటుక ఎరుపు పదార్థం దగ్గరకే వచ్చింది. టోక్యో విశ్వవిద్యాలయంలో గొనోకామి బృందం, సాంద్రత పెంచడం వలననే ఎక్సైటాన్లు నశిస్తున్నవి గదా, సాంద్రత తగ్గించి చలిని పెంచితే పోదా అని ఆలోచించింది. 2011 లో ఒక కెల్విన్‌కు దిగువన చేసిన ప్రయత్నంలో సంఘననం మొదలవుతూనే ఎక్సైటాన్లు పేలినట్లు చెదరిపోవడాన్ని సూచించే లక్షణాలు కనిపించాయి. వారు ఇంకా కిందికి దిగారు. స్ఫటికాన్ని 0.4 కెల్విన్‌కు దిగువన ఉంచి, ఒకచోట అదిమి ఎక్సైటాన్లు చేరే గుంటను కల్పించి, వాటి మరణకాంతి కోసం ఎదురు చూడక, బ్రతికి ఉండగానే పరారుణ కిరణాన్ని వాటి గుండా పంపి నీడను చిత్రించారు. పారా ఎక్సైటాన్ కాంతినివ్వదు గాని, కింది స్థాయి నుంచి పై స్థాయికి ఎగరడానికి ఆ కిరణాన్ని పీల్చుకుంటుంది; ఆ పీల్చుకున్న మేరకు దాని సంఖ్య తిన్నగా తెలుస్తుంది. వర్ణపటం ఆకారాన్ని నమ్మి మోసపోయే ప్రమాదం ఇక్కడ లేదు. 2022 లో ప్రచురించిన ఆ చిత్రాలలో గుంట అడుగున సంఘనితమైన ఎక్సైటాన్లు కనిపించాయి. మొస్కలెంకో ప్రతిపాదనకు సరిగా అరవై సంవత్సరాలు. అయితే సంఘనితమైనవి మొత్తంలో బహు స్వల్పభాగం మాత్రమే. సిద్ధాంతం ఎదురుచూసిన దానికంటె చాల తక్కువ. పరస్పరం ఢీకొని నశించే ఆ పాత రోగం ఇంకా పూర్తిగా వదలలేదని వారే వ్రాశారు.

అణుపొరల దారిలో పని సాగుతున్నది. ఒక పొరలో ఎలక్ట్రాన్లను నడిపిస్తే, రెండవ పొరలో అంతే సంఖ్యలో రంధ్రాలు వెంట నడవడాన్ని 2019 తరువాతి ప్రయోగాలలో చూశారు. జంటలు జంటలుగానే కదలుతున్నాయనడానికి ఇంతకంటె తేటైన రుజువు ఉండదు. కాని నిరోధం పూర్తిగా శూన్యమైన ప్రవాహం మాత్రం ఆ ప్రయోగాలలో దొరకలేదు. ద్రవ హీలియం 2.17 కెల్విన్ల దిగువన పాత్ర అంచును ఎక్కి పాకినట్లు ఎక్సైటాన్లు పాకడాన్ని ఈ పొరలలో చూడవలసే ఉన్నది.

మాట సంగతి. నేను "ఉత్తేజకణం" అనవచ్చునని ఆలోచించి, కాగితం మీద వ్రాసి ఆ విద్యార్థికి ఇచ్చాను. అతడు చదివి, కొంతసేపు తటపటాయించి, "సార్, ఇందులో ఎలక్ట్రాన్ కనిపిస్తున్నది గాని రంధ్రం కనిపించడం లేదు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. సెమినారులో అతడు ఎక్సైటాన్ అనే చెప్పాడు. నేను వెనుక బల్ల మీద కూర్చొని విన్నాను.